యజమానిగారి గాడిద చెవులు

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మేమంతా అంటే నేనూ, మీ మావయ్యా, ఆయన మోకాలూ. మోకాలి గురించి ఆయనే విడిగా నాలుగు పేజీలు రాస్తారు, నేను మధ్యలో దూరను.

నేను రిటైరై రెండు నెలలయింది. నలభై ఏళ్లు కట్టుడు పళ్లు చేసిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి ఏం చెయ్యాలో తోచక ఇల్లంతా సర్దేశాను. సర్దడానికి ఇంకేమీ మిగలక మొన్న అటకెక్కాను. అక్కడ నీ రంగుల పెట్టె దొరికింది. మా ఇంట్లో ఉండి బొమ్మల కాలేజీకి వెళ్లిన రోజుల్లో చంకలో పెట్టుకుని తిరిగేవాడివే, అదే. పైన పదకొండేళ్ల దుమ్ము. ట్యూబుల మూతలు బిగుసుకుపోతే పళ్ల సెట్లకి తీగ వంచే పట్టకారుతో తిప్పాను. సగం రంగులు రాయిలా గట్టిపడ్డాయి. సగం ఇంకా బతికే ఉన్నాయి.

ఇక అసలు సంగతి. నా వీడ్కోలు సభలో మా ల్యాబు యజమాని నన్ను పొగిడి పొగిడి, ఇంకేం పొగడాలో తెలియక, ఈవిడ గీసే పళ్ల పటాలు చూస్తే కొరుక్కు తినాలనిపిస్తుందన్నాడు. ల్యాబుకి నలభై ఏళ్లు నిండే రోజుకి మా అందరి బొమ్మ ఈవిడే వెయ్యాలి, హాల్లో గోడకి తగిలిస్తాం అని కూడా అనేశాడు. నేను ఏడుపు ఆపుకునే హడావుడిలో తల ఊపేశాను. ఊపాక గుర్తొచ్చింది, నాకు పన్ను తప్ప ఇంకేదీ గీయడం రాదని. మనిషి మొత్తంలో నాకు తెలిసిన భాగం అంగుళంన్నర. మిగతా మనిషంతా నాకు కొత్త.

ఎనిమిది మందిని వెయ్యాలి. మూడు నెలలు టైముంది. నీ పెట్టె వాడుకోనా? ముందే చెప్తున్నాను, ఆ రోజు హాల్లో జనం నన్ను చూసి నవ్వితే మాత్రం పెట్టె మళ్లీ అటకెక్కుతుంది, నేను స్వెట్టర్లు అల్లుకుంటాను. నీకూ ఒకటి అల్లుతాను. కాబట్టి నా విజయం నీకే అవసరం.

ఇట్లు,
అంగుళంన్నర చిత్రకారిణి, మీ అత్తయ్య

తా.క.: పెట్టె అడుగున నువ్వు సగం వేసి వదిలేసిన బొమ్మ ఒకటి ఉంది. మా ల్యాబు కిటికీ, దాని గట్టు మీద ప్లాస్టర్ దవడల వరస. కుడివైపంతా ఖాళీ. ఎందుకు ఆపేశావు?


పూజ్యురాలైన అత్తయ్యకి,

నమస్కారాలు. నేను క్షేమం. మ్యూజియం కూడా క్షేమం. ఏడో నంబరు గదిలో నా కుర్చీకి కొత్త మెత్త వేశారు. ఈ ఏడాదిలో నా జీవితంలో జరిగిన అతిపెద్ద మార్పు ఇదే.

పెట్టె నిరభ్యంతరంగా వాడుకో. నాకు దాంతో పనిలేదు. నా పనల్లా రోజుకి ఎనిమిది గంటలు కూర్చుని "ముట్టుకోకండి" అనడం. అయితే గైడ్లు రోజుకి పదిసార్లు జనాన్ని వెంటేసుకొచ్చి నా నెత్తిమీదే నిలబడి కథలు చెప్తారు కనక, బొమ్మలేసినవాళ్ల సంగతులు నాకు కంఠతా వచ్చేశాయి. నీకు ధైర్యం కోసం రెండు మూడు రాస్తాను.

వయసు గురించి బెంగపడకు. సుంకాల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన ఒకాయన నలభయ్యో పడిలో బొమ్మలు మొదలుపెట్టి, నలభై తొమ్మిదికి ఉద్యోగం మానేసి అదే పనిగా వేశాడు. ఊరంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. అడవి గడప తొక్కకుండానే, ఊళ్లో తోటల్లో మొక్కలు చూసి బ్రహ్మాండమైన అడవులు వేశాడు. ఇప్పుడు ఆ అడవుల ముందు జనం బారులు తీరుతున్నారు. ఇంకొక ఆవిడ పొలం ఇంట్లో కాపురం చేసుకుంటూ, కీళ్లనొప్పులతో సూది పట్టుకోలేక, డెబ్బై దాటాక కుంచె పట్టింది. నూట ఒక్క ఏళ్లు బతికింది. ఆవిడ లెక్కన నువ్వింకా పసిపిల్లవి.

ముందు బొగ్గుతో తేలిగ్గా గీసుకో. తప్పు పోతే భయం లేదు. రబ్బరు రాకముందు మహామహులంతా రొట్టె ముక్కతోనే చెరిపేవారు.

ఉంటాను మరి,
కొత్త మెత్త మీది మేనల్లుడు

తా.క.: నాకు స్వెట్టరు వద్దు. మా గదిలో చలి ఉండదు. ఈ సంగతి రాయించుకుని సంతకం కావాలంటే అదీ పెడతాను.


మెత్త మీది మేనల్లుడికి,

దీవెనలు. నీ ఉత్తరం అందిన రోజే పని మొదలుపెట్టాను. ఆరంభానికి మీ మావయ్యని కూర్చోబెట్టాను. ఆయన్ని ఎంచుకోడానికి కారణం, మోకాలివల్ల పారిపోలేరు.

నోరు మూసుకున్న మనిషిని వెయ్యడం నాకు చేతకాదు కదా. అందుకని ఆయన్ని నోరు తెరిచి ఉంచమన్నాను. రెండు గంటలు ఉంచారు. ఇప్పుడు దవడ పట్టేసి గంజి తాగుతున్నారు. ఆ దవడ మీద కూడా నీకు ఉత్తరం రావచ్చు. పళ్లు మాత్రం ఎంత బాగా కుదిరాయంటే, చూసినవాళ్లు బొమ్మకి పళ్లున్నాయనరు, పళ్లకి ఒక మావయ్య ఉన్నాడంటారు. మా పనిలో తెలుపు పదహారు రకాలు. ఆయన పళ్లలో నాలుగు రకాలు కనపడ్డాయి. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ గమనించలేదు.

సుంకాలాయన అడవిని చూడకుండానే అడవి వేశాడన్నావు. అది నాకు బాగా నచ్చింది. మావయ్య నెత్తి వచ్చేసరికి నేనూ చూడ్డం మానేసి వేశాను. బొమ్మలో ఆయనకి ఒత్తయిన జుట్టుంది. ఆయన గంజిగ్లాసు పక్కన పెట్టి చాలాసేపు చూసుకున్నారు.

ఒక్కటే నష్టం జరిగింది. ముక్కు కాస్త పొడుగైతే నువ్వు చెప్పినట్టే రొట్టెతో చెరిపాను. ఇంట్లో జామ్ పూసిన బన్ను ఉంది, అదే వాడాను. తెల్లారి చూస్తే ముక్కు మీద చీమల బారు. చీమలు వెళ్లిపోయేసరికి ముక్కు లేదు, కాగితం కూడా లేదు, వెనకాల గోడ కనపడుతోంది. ఆ మహామహులు జామ్ లేకుండా తినేవారని నువ్వు రాసి ఉండాల్సింది.

నా ప్రశ్నకి జవాబివ్వలేదు నువ్వు. కిటికీ బొమ్మ ఎందుకు ఆపేశావు?

ఇట్లు,
చీమల బాధితురాలు, మీ అత్తయ్య

తా.క.: ముక్కు లేని బొమ్మని మావయ్య తన మంచం ఎదురుగా పెట్టుకున్నారు. జుట్టుంటే చాలు, ముక్కుదేముందంటున్నారు.


అత్తయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం డ్యూటీలో చదువుతూ పైకే నవ్వాను. ఏడో గదిలో నవ్వడం నిషేధం. నన్ను నేనే "ష్" అనుకోవాల్సి వచ్చింది.

నువ్వు పళ్లు వెయ్యడం ఎంత సాహసమో నీకు తెలీదు. పాతకాలపు బొమ్మల్లో పెద్దమనుషులెవరూ పళ్లు బయటపెట్టరు. రెండొందల ఏళ్లు పైబడ్డాయి, ఒక చిత్రకారిణి కూతుర్ని ఒళ్లో పెట్టుకున్న తన బొమ్మ తనే వేసుకుంటూ పెదవులు రవ్వంత తెరిచి పళ్లు కనపడనిచ్చింది. కొంపలంటుకున్నట్టు గగ్గోలు పెట్టారట, పళ్లు చూపిస్తూ నవ్వడమేమిటని. ఆవిడ రెండు మూడు పళ్లకే అంత గొడవైతే నువ్వు ముప్ఫై రెండూ వేస్తున్నావు. ఆగకు.

రంగుల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. పూర్వం వాటిలో ఏమేం కలిపేవారో వింటే అన్నం సయించదు. ఒకరకం గోధుమరంగైతే ఎక్కడో సమాధుల్లోంచి తవ్వి తెచ్చిన వేల ఏళ్లనాటి శవాల్ని నూరి చేసేవారు. అది తెలిసిన ఒక చిత్రకారుడు తన దగ్గరున్న ట్యూబుని పెరట్లో గొయ్యి తీసి మర్యాదగా పూడ్చిపెట్టాడు. ఇదంతా పాతమాట. సరదాకి రాశాను.

బొమ్మలో మనుషులు ఎంతవరకొచ్చారో రాయి.

ఉంటాను,
తనకి తానే ష్ చెప్పుకున్న మేనల్లుడు

తా.క.: కిటికీ సంగతా? గుర్తు లేదు. బహుశా రంగు అయిపోయి ఉంటుంది.


మతిమరుపు మేనల్లుడికి,

దీవెనలు. నీ పెట్టెలోని గోధుమరంగు ట్యూబుని నిన్న సాయంత్రం పూలతొట్టిలో పాతిపెట్టాం. మీ మావయ్య మోకాలిని కూడా లెక్కచెయ్యకుండా వచ్చి నిలబడ్డారు. ఎవరో ఏమిటో తెలీదు, ఎవరి తాతో, వాళ్ల మానాన వాళ్లు పడుకుంటే తెచ్చి ట్యూబులో కుక్కారు అని ఆయనే పైన మట్టి కప్పారు. కింది వాటాలో కుట్టుపనావిడ పైకి చూసి, ఎవరు పోయారని అడిగింది. గోధుమరంగు అని చెప్పాను.

ఆ రంగు లేకపోయేసరికి ఇబ్బంది జుట్టు దగ్గర వచ్చింది. నల్లది గట్టిపడిపోయింది కదా, అందుకని అందరికీ నీలం వేశాను. ఇప్పటికి ఐదుగురయ్యారు. నలుగురికి నీలం జుట్టు, అందరికీ తెల్లటి పళ్లు. యజమానికి బట్టతల కాబట్టి ఆయనొక్కడే మామూలు మనిషిలా ఉన్నాడు. అది ఆయనకి చాలా గర్వంగా ఉంది.

మధ్యలో చెయ్యి తిరగడానికని కుట్టుపనావిడ బొమ్మ కూడా ఒకటి వేసి ఆవిడకే ఇచ్చేశాను. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మనిషి కదా, సూదులు తీయమని చెప్పడం మరిచిపోయి అవి కూడా వేశాను. ఆవిడకి బాగా నచ్చింది. నాకే నచ్చలేదు. ఎడమ కన్ను ఇంకొంచెం కిందికి ఉండాలి. రాత్రింబవళ్లు ఆ కన్నే గుర్తొస్తోంది.

నీకు రంగు అయిపోయిందన్నావు. పెట్టెలో నిండు ట్యూబులు తొమ్మిది ఉన్నాయి.

ఇట్లు,
కన్ను దిద్దలేని మీ అత్తయ్య

తా.క.: తొట్టిలో గులాబీ రెండు కొత్త చిగుళ్లు వేసింది. మావయ్య అర్థవంతంగా తల ఆడిస్తున్నారు.


అత్తయ్యా,

నమస్కారం. ఆ ట్యూబులో శవాలేమీ లేవు. అది మా కాలేజీ పక్కన స్టేషనరీ షాపులో కొన్నాను. అలాంటి రంగు చెయ్యడం ఎప్పుడో మానేశారు. దయచేసి తవ్వి తీసి జుట్లు వెయ్యి. నేను సరదాకి రాసేవన్నీ నువ్వు చేసెయ్యక్కర్లేదు.

ఆ కన్ను గురించి మాత్రం బాధపడకు. వేసిన బొమ్మ తృప్తినివ్వకపోవడం గొప్పవాళ్లకే వచ్చే జబ్బు. నాట్యగత్తెల్ని వేసిన ఒకాయన తన బొమ్మలు కొనుక్కున్న స్నేహితుల ఇళ్లకి భోజనానికి వెళ్లి, గోడమీది బొమ్మలో ఏదో తప్పు కనిపించిందని, కాస్త దిద్ది తెస్తానని పట్టుకుపోయేవాడట. పోయిన బొమ్మ చాలాసార్లు తిరిగొచ్చేది కాదు. చివరికి ఒక స్నేహితుడు బొమ్మని గొలుసుతో గోడకి కట్టేశాడని చెప్తారు. నీకు అంత అసంతృప్తి కలుగుతోందంటే నువ్వు సరైన దారిలో ఉన్నట్టు. కాబట్టి ధైర్యంగా ముందుకి వెళ్లు.

కిటికీ బొమ్మ చింపి పారెయ్యి. దాని గురించి మళ్లీ అడగొద్దు.

ఉంటాను,
మీ మేనల్లుడు

తా.క.: ముందుకి వెళ్లు అన్నానంటే బొమ్మలో అని. కిందికి, కుట్టుపనావిడ ఇంటికి వెళ్లమని కాదు. నాకెందుకో అనుమానంగా ఉండి రాస్తున్నాను.


కోపం వచ్చిన మేనల్లుడికి,

దీవెనలు. నీ తా.క. చదివేలోపే వెళ్లొచ్చాను. నేను ఉత్తరాలు పైనుంచి కిందికి చదువుతాను, మిగతావాళ్లెలా చదువుతారో తెలీదు.

కుట్టుపనావిడ భోజనం పెట్టింది, బాగుంది. చెయ్యి కడుక్కుని బొమ్మ తీసుకుని గుమ్మం దాటబోతుంటే టేపు పట్టుకుని అడ్డం నిలబడింది. ఆ కన్ను అలా ఉండడంవల్లే తనకి బాగుందట, ఆ కన్నుతో చూస్తేనే తను అప్పుగా కుట్టించుకునేవాళ్లని చూసే చూపు వచ్చిందట. నేను లాగాను, ఆవిడ లాగింది. గొలుసు దొరకలేదేమో, ఇప్పుడు బొమ్మని నాలుగు మూలలా దుప్పటి కుట్టే దారంతో తలుపు తెరకి కుట్టేసింది. ఎవరు లోపలికి వెళ్లాలన్నా బొమ్మని పక్కకి జరిపి వెళ్లాలి.

ఇది ఇలా ఉంటే యజమానితో ఇంకో తలనొప్పి. రోజూ వస్తాడు, వెనకాల నిలబడతాడు. పొట్ట తగ్గించమంటాడు. ఎత్తు పెంచమంటాడు. తన పక్కన ఉన్న, దవడల అచ్చులు పోసే మేస్త్రీని కాస్త దూరం జరపమంటాడు. నలభై ఏళ్లు ఆయన కింద పనిచేశాను కాబట్టి నోటికొచ్చింది అనలేకపోతున్నాను. పాతకాలంలో బొమ్మ పూర్తికాకుండానే వంకలు పెట్టేవాళ్లని ఏం చేసేవారు? మీ గైడ్లని అడిగి రాయి. తొందరగా రాయి. ఇంకా రెండు వారాలే ఉంది.

ఇట్లు,
పళ్లు నూరుకుంటున్న మీ అత్తయ్య

తా.క.: కిటికీ బొమ్మ చింపలేదు. చింపడం నాకు రాదు. నాకు అతికించడమే వచ్చు.


అత్తయ్యా,

నమస్కారం. ఇది కేవలం నవ్వుకోడానికే రాస్తున్నాను. చదివి నవ్వుకుని ఉత్తరం మడిచి పెట్టు.

ఒక మహానుభావుడు ప్రార్థనామందిరం గోడంతా బొమ్మ వేస్తున్నాడు. మతపెద్దగారి దగ్గర మర్యాదలు చూసే అధికారి ఒకడు సగంలో వచ్చి చూసి, ఇన్ని బట్టల్లేని బొమ్మలా, ఇవి స్నానాలగదికి పనికొస్తాయన్నాడు. చిత్రకారుడు ఆ గోడమీది నరకంలో ఒక మూల ఆ అధికారి ముఖమే వేసి, నెత్తిన గాడిద చెవులు పెట్టాడు. అధికారి వెళ్లి మొరపెట్టుకుంటే, నరకం నా అధికార పరిధిలో లేదయ్యా అన్నాడట మతపెద్ద. ఐదొందల ఏళ్లు కావస్తోంది, ఆ చెవులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మళ్లీ చెప్తున్నాను, ఇది కథ. మీ యజమానికి కాస్త పొట్ట తగ్గించు, పోయేదేముంది.

ఉంటాను,
భయంతో, మీ మేనల్లుడు

తా.క.: ఇది కథ.


చిరంజీవి మేనల్లుడికి,

పొట్ట తగ్గించలేదు. చెవులు పెట్టాను.

బాగా కుదిరాయి. రెండూ నిక్కబొడుచుకుని, లోపల లేత గులాబీ రంగుతో, చిగుళ్లకి వాడే గులాబీ అది, నా చెయ్యి తిరిగిన రంగు. బొమ్మని సోమవారమే హాల్లో గోడకి తగిలించి పైన గుడ్డ కప్పించాను. యజమాని ఇంకా చూడలేదు. ఆదివారం పదకొండింటికి డాక్టర్లు, దుకాణాలవాళ్లు, పాతా కొత్తా పనివాళ్లు అంతా వస్తారు. గుడ్డ ఆయనే తీస్తాడు. నాకు గుండె దడగా ఉంది కానీ చెవులు ఐదొందల ఏళ్లు ఉంటాయన్నావు కదా, ఆ ధైర్యమే.

శనివారం మేం ఇంట్లో ఉండం. మావయ్య మోకాలికి కొత్త డాక్టరు దొరికాడు. హాలు తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది. ఎందుకు చెప్తున్నానో నాకే తెలీదు.

ఇట్లు,
గోడకెక్కిన మీ అత్తయ్య

తా.క.: జనం నవ్వితే ఏం చెయ్యాలో మీ గైడ్లు ఏమైనా చెప్పారా?


అత్తయ్యా,

ఈ ఉత్తరం నీ పాత టేబులు సొరుగులో పెట్టి వెళ్తున్నాను. ఇప్పుడు శనివారం సాయంత్రం నాలుగున్నర. ముందు కోప్పడకు, తర్వాత కోప్పడు.

నీ ఉత్తరం అందగానే నా గుండె ఆగినంత పనైంది. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి ఐదు గంటలు కూర్చుని వచ్చాను. మీ వాచ్‌మన్ గురించి ఒక మాట. ఏ పేరూ ఊరూ అడక్కుండా తాళం చేతికిచ్చి, కుర్చీ వేసి, టీ తెప్పించాడు. కాపలా ఉద్యోగానికే తలవంపులు. ఒక చిత్రకారుడు మ్యూజియంలో వేలాడుతున్న తన బొమ్మనే దొంగచాటుగా దిద్దుకోడానికి, స్నేహితుణ్ణి పంపి కాపలావాణ్ణి మాటల్లో పెట్టించాడని గైడ్లు చెప్తారు. ఆ కథ విన్న ప్రతిసారీ నేను కాపలావాడి పక్షమే వహించాను. ఇవాళ పక్షం మార్చాను.

గుడ్డ తీశాను. చెవులు నువ్వు రాసినదానికంటే పెద్దవి. కింద స్టూలు మీద నా పెట్టె ఉంది, కుంచెలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. అందుకే తేలికైంది. చెవులు గీరేసి, వాటి వెనకాల గోడ రంగు పూసి పావుగంటలో వెళ్లిపోదామనుకున్నాను. గోడ పూశాక అక్కడ ఏదో లోటు కనిపించింది. వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. సరే కదా అని ఆయన నెత్తిమీదుగా ఒక కిటికీ వేశాను. కిటికీ వేశాక వెలుతురు ఆయన భుజం మీద పడాలి. భుజం మీద పడితే అచ్చుల మేస్త్రీ చెంప మీద కూడా పడాలి. తల ఎత్తి చూసేసరికి మూడు గంటలు దాటింది. అన్నం తినలేదు. తినలేదని కూడా తెలీలేదు.

పళ్లు ఒక్కటీ ముట్టుకోలేదు. అవి దిద్దే మొనగాడు ఇంకా పుట్టలేదు. జుట్టు నీలంగానే ఉంచాను, బాగుంది.

నువ్వు మళ్లీ మళ్లీ అడిగావు కదా, చెప్తాను. కాలేజీలో రెండో ఏడు మా మాస్టారు నా బొమ్మని తలకిందులుగా పట్టుకుని పది నిమిషాలసేపు దాని గొప్పతనం వర్ణించాడు. నలభై మంది నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, ఏడవకుండా ఉండాలంటే అదొక్కటే దారి. ఇంటికొచ్చి పెట్టె అటకెక్కించాను. ఆ తర్వాత ఈ కుర్చీలో కూర్చున్నాక విన్నాను, ఒక పెద్ద మ్యూజియంలో ఒక గొప్పవాడి బొమ్మ నలభై ఏడు రోజులు తలకిందులుగా వేలాడిందట. లక్షమందికి పైగా చూసి వెళ్లారట. ఎవరికీ తెలీలేదు, ఎవరూ నవ్వలేదు. నీకు ధైర్యానికి ఇన్ని కథలు రాశాను, ఆ ఒక్కటీ మాత్రం రాయలేకపోయాను. రేపు నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదు. అందుకే వచ్చాను.

ఐదింటి బస్సుకి వెళ్లాలి. రేపు ఏడో గదిలో డ్యూటీ ఉంది.

ఇట్లు,
నీ బొమ్మ ముట్టుకున్న మేనల్లుడు

తా.క.: రంగు తడిగా ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఇది నా వృత్తిరీత్యా చెప్తున్నాను.


చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య మనసారా దీవించి రాసేది. కోప్పడ్డం ఏమీ లేదు. కూర్చుని చదువు. మెత్త ఉంది కదా.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ సెట్టూ ఒక్కసారే చెయ్యం. ముందు మైనంలో పళ్లు పేర్చి ట్రయల్ ఇస్తాం. పేషెంటు నోట్లో పెట్టుకుంటాడు. నొప్పిగా ఉందా అంటే ఎవడూ చెప్పడు, అంతా బ్రహ్మాండంగా ఉందంటాడు, తొందరగా ఇంటికి వెళ్లాలని. అందుకని మేం అడగం. కొరకమంటాం. ఇటు కొరకమంటాం, అటు కొరకమంటాం. ఎక్కడ ముఖం చిట్లిస్తే అక్కడ నొప్పి.

పెట్టె దొరికిన రోజు నిన్ను మామూలుగానే అడిగాను, ఎందుకు ఆపేశావని. నాకు పనిలేదన్నావు. గుర్తు లేదన్నావు. రంగు అయిపోయిందన్నావు. అంటే బ్రహ్మాండంగా ఉందన్నమాట. సరే, కొరికిద్దామనుకున్నాను. నేను ఒక్కొక్క వెర్రి పని చేశానని రాస్తే నువ్వు ఒక్కొక్క కథ రాసేవాడివి తప్ప కదల్లేదు. ట్యూబు పాతినా కదల్లేదు, కుట్టుపనావిడతో కొట్లాడినా కదల్లేదు. నవ్వు మాట వచ్చినచోటల్లా మాత్రం నీ అక్షరాలు వంకర తిరిగేవి. నొప్పి అక్కడుందని తెలిసింది. అందుకని చెవులు పెట్టాను.

నువ్వు దిద్దింది ట్రయల్ బొమ్మ నాన్నా. అసలు బొమ్మ ప్లాస్టర్ గదిలో గోడకి తిప్పి పెట్టి ఉంది. వాచ్‌మన్‌ని తిట్టకు. శుక్రవారంనుంచి తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, పాపం. బస్సు ఎన్నింటికి వస్తుందో కూడా వాకబు చేశాడు.

ఆదివారం నా బొమ్మే తగిలించాను. గుడ్డ తీశారు. నవ్వారురా. హాలంతా నవ్వింది. ఏడుగురు నీలం జుట్లతో, ఒకాయన బట్టతలతో, అంతా నోళ్లు తెరుచుకుని, సర్కసులో సింహాల్లా ఉంటే నవ్వరా మరి. నాకు చెవులు వేడెక్కాయి. ఒక్క నిమిషం నీ మాస్టారి గదిలో నిలబడ్డట్టే అనిపించింది. అప్పటికి నీ ఉత్తరం చదివి గంటే అయింది. తర్వాత మెల్లిగా చుట్టూ చూశాను. అందరి నోళ్లూ తెరిచి ఉన్నాయి. పై వరస, కింది వరస, బ్రిడ్జిలు, క్యాపులు, సగానికి సగం నా చేత్తో చేసినవే. ఒక్కటీ కదల్లేదు. నలభై ఏళ్లలో నా పనంతా ఒక్కచోట కనపడ్డం అదే మొదటిసారి. నేనూ నవ్వాను, నీలా ఏడుపు ఆపుకోడానికి కాదు, నిజంగానే. తర్వాత వాళ్లంతా బొమ్మలో తమని తాము వెతుక్కున్నారు, దొరికాక వేళ్లు పెట్టి చూపించుకున్నారు, టీలు తాగారు, వెళ్లిపోయారు. నవ్వితే జరిగేది అంతే. చెప్పడంకంటే చేసి చూపిద్దామనే ఈ వయసులో నేను గోడకెక్కింది.

వాళ్లు వెళ్లాక నీ బొమ్మని గుమ్మం పక్కన తగిలించాం. దాని ముందు ఎవరూ నవ్వలేదు. అచ్చుల మేస్త్రీ దగ్గరికెళ్లి, ఆ వెలుతురు మా కిటికీదే, పొద్దున పదకొండింటిది అన్నాడు. నేను నీ సగం బొమ్మ తెచ్చి పక్కన పెట్టాను. అదే కిటికీ. చువ్వలు అవే, గట్టు అదే. ఆ బొమ్మలో లేని కుడివైపు సగం నువ్వు శనివారం యజమాని నెత్తిమీద వేసేశావు. నువ్వు గమనించలేదనుకుంటాను. అన్నం తిననిది కూడా గమనించనివాడివి.

నీ పెట్టె పార్సెల్లో పంపుతున్నాను. నాకు కొత్తది కొనుక్కున్నాను. అటక ఇప్పుడు ఖాళీగా ఉంది, మావయ్య దవడ మీద రాసిన ఉత్తరాలు అక్కడ పెడుతున్నాను.

ఇట్లు,
స్వెట్టరు అల్లని మీ అత్తయ్య

తా.క.: అన్నీ నాటకమే అనుకోకు. జామ్ బన్ను నిజం. అది నాకు నిజంగానే తెలీదు. ఇంకా ఒకటి, యజమాని నీమీద అలిగాడు. చెవుల సంగతి ఆయనకి ముందే చెప్పాను, చాలా ముచ్చటపడి రోజూ అద్దంలో చూసుకుంటూ ఊహించుకున్నాడట. ఎక్కడున్నాయో చూద్దామని నీ కిటికీలో నీలం ఆకాశం మీద వేలుపెట్టి వెతికాడు, ఆ వేలితోనే ముక్కు తుడుచుకున్నాడు. సాయంత్రందాకా నీలం ముక్కుతో తిరిగాడు, మేమెవరమూ చెప్పలేదు.

ఇంకో తా.క.: గోధుమరంగు ట్యూబు తొట్టిలోంచి తవ్వి పెట్టెలో పెట్టాను. మావయ్యకి తెలీదు. మూత దగ్గర మట్టి ఉంటే తుడుచుకో.